అమెరికాలో తిండికి అయ్యే ఇంధనం: ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, ఏ లెక్క నమ్మాలి

మీరు ఒక్క ప్రశ్న అన్నారు గానీ అందులో మూడున్నాయి. అమెరికాలో ఆహారానికి ఖర్చయ్యే ఇంధనం ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిందా తగ్గిందా అన్నది ఒకటి. అందులో పెద్ద వాటా పొలానిదా, లారీలదా అన్నది రెండోది. ఒక కేలరీ తిండికి పది కేలరీల ఇంధనం అని ఒకచోట, ఏడు అని ఇంకోచోట కనిపిస్తోంది, సెమినార్ పేపర్లో ఏది వెయ్యాలి అన్నది మూడోది. నేను చాలా ఏళ్లుగా ఇక్కడ ఫుడ్ ప్రాసెసింగ్ ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో, సూపర్ మార్కెట్లలో ఎనర్జీ ఆడిట్లు చేస్తున్నాను. నివేదికల్లో ఉన్నదీ, మీటరు దగ్గర నిలబడితే కనిపించేదీ రెండూ కలిపి రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. ఇంధనం అన్నప్పుడల్లా కరెంటు, గ్యాస్, డీజిల్, బొగ్గు అన్నీ కలిపే అంటున్నానని గుర్తుపెట్టుకోండి.

సూటిగా చెప్పాలంటే, గట్టి లెక్కలున్న కాలంలో పెరిగింది. కాకపోతే మీరు అనుమానించిన చోట పెరగలేదు. పొలంలో వాడకం 1978 ప్రాంతంలో గరిష్ఠానికి చేరి ఆ తర్వాత తగ్గింది. లారీల వాటా జనం అనుకునేంత పెద్దది కాదు. ఒకప్పుడు వంటింట్లో మనిషి చేతులతో జరిగిన పని ఏ ఫ్యాక్టరీకి, ఏ హోటల్‌కి, ఏ మిషన్‌కి వెళ్లిందో అక్కడ పెరిగింది. మీ పేపర్లో ఒక్క మాటే రాయగలిగితే అదే రాయమంటాను.

దీనికి ఆధారం అమెరికా వ్యవసాయ శాఖలోని ఎకనామిక్ రీసెర్చ్ సర్వీస్ 2010 మార్చిలో వేసిన నివేదిక. అందులో 1997, 2002 సంవత్సరాలను పోల్చారు. ఆ అయిదేళ్లలో దేశంలో తలసరి ఇంధన వినియోగం మొత్తం మీద 1.8 శాతం తగ్గితే, ఆహారానికి సంబంధించిన తలసరి వినియోగం 16.4 శాతం పెరిగింది. దేశం మొత్తం ఇంధన వాడకం పెరిగిన వేగంతో పోలిస్తే ఫుడ్ చైన్ (పొలం నుంచి కంచం దాకా ఉన్న అన్ని దశలూ) వాడకం ఆరు రెట్లకు పైగా వేగంతో పెరిగింది. ఇంకోలా చూస్తే, ఆ కాలంలో దేశంలో అదనంగా ఖర్చయిన ఇంధనంలో 80 శాతానికి పైగా తిండి వైపే వెళ్లింది. నేను మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకుని మళ్లీ వెనక్కి వెళ్లి చూశాను. దేశ ఇంధన పద్దులో ఆహారం వాటా 2002లో 14.4 శాతం. 2007కి 15.7 శాతం అని అంచనా వేశారు. ఈ రెండోది 2002 నాటి ఇన్‌పుట్ అవుట్‌పుట్ పట్టికల (ఏ రంగం ఏ రంగం నుంచి ఎంత కొన్నదో చూపే లెక్కల) ఆధారంగా ముందుకు లాగిన అంచనా అని ఫుట్‌నోట్‌లో తప్పకుండా పెట్టండి. చాలామంది పెట్టరు.

ఇక ఆ పెరుగుదలకు కారణాలు. జనాభా పెరగడం, ధరల ప్రభావం తీసేసినా మనిషికి తిండి మీద పెట్టే ఖర్చు పెరగడం, ఈ రెండూ కలిసి సగం. మిగతా సగం ఫుడ్ చైన్ పొడుగునా ఎక్కువ ఇంధనం తాగే టెక్నాలజీకి మారడం వల్ల. అంటే అదే తిండి, అదే పరిమాణం, తయారయ్యే పద్ధతి మాత్రం మారింది. ఇళ్లూ హోటళ్లూ కోయడం, కడగడం, ఉడికించడం లాంటి పనులను ఫ్యాక్టరీలకు వదిలేశాయి. ఫ్యాక్టరీలేమో మనుషుల్ని తగ్గించి మిషన్లు పెట్టాయి. ఇంధన వాడకం అన్నిటికంటే ఎక్కువగా పెరిగింది ప్రాసెసింగ్ రంగంలోనే. 1998 చివర్లో క్రూడ్ బ్యారెల్ పన్నెండు డాలర్ల లోపు ఉండేది. అలాంటి రోజుల్లో గంటకింత అని కూలి ఇచ్చే కన్నా మోటారు పెట్టుకోవడమే లాభమని ఏ ప్లాంటు మేనేజరైనా లెక్క కట్టుకుంటాడు.

ఇది కాగితం మీద చదివితే అంతగా మనసుకెక్కదు. ఒక సంచిలో వచ్చే కోసిన సలాడ్‌ని తీసుకుందాం.

ఒకప్పుడు లెట్యూస్ గడ్డ కొని, ఇంట్లో కత్తితో కోసి, కుళాయి కింద కడుక్కునేవాళ్లు. ఇప్పుడు కాలిఫోర్నియాలోని సలినాస్ లోయలో కోసిన ఆకును ముందు వాక్యూమ్ కూలర్‌లోకి తోస్తారు. అదొక పెద్ద ఉక్కు గది. తలుపు బిగించి లోపలి గాలి లాగేస్తే, ఆకులోని నీరు కొంత చల్లటి స్థితిలోనే ఆవిరైపోయి, అరగంటలోపే సరుకు గడ్డకట్టే స్థాయికి ఒకటి రెండు డిగ్రీల పైన ఆగుతుంది. ప్రతి ఆరు డిగ్రీల చల్లదనానికి బరువులో సుమారు ఒక శాతం నీరు పోతుంది. తర్వాత కోత మిషన్, క్లోరిన్ కలిపిన చల్లటి నీళ్లలో కడగడం, బట్టల మిషన్‌లా గిర్రున తిప్పి ఆరబెట్టడం, సంచిలో ఆక్సిజన్ తగ్గించి సీలు వెయ్యడం. ఈ పనంతా జరిగే హాలే ఒక ఫ్రిజ్ లాంటిది. పనివాళ్లు జూన్ నెలలో కూడా స్వెటర్లు, టోపీలతో ఉంటారు. అక్కడి నుంచి ఏసీ లారీలో తూర్పు తీరానికి నాలుగైదు రోజుల ప్రయాణం. లారీ ఇంజిన్ ఒకటి, దాని నెత్తిన కూలింగ్ యూనిట్‌కి వేరే డీజిల్ ఇంజిన్ ఇంకొకటి. లారీ ఆగినా రెండోది ఆగదు.

ఇంకో విశేషం. నవంబరు రాగానే సలినాస్‌లో ఆకు అయిపోతుంది. పంట ఆరిజోనాలోని యూమాకు మారుతుంది. దానితో పాటు ప్రాసెసింగ్ లైన్లనే విప్పి, లారీల కెక్కించి, అక్కడి ప్లాంటులో మళ్లీ బిగించే కంపెనీలున్నాయి. వసంతం రాగానే వెనక్కి. ఏడాది పొడుగునా అదే సంచి, అదే అరలో కనిపించాలంటే ఇంత తతంగం.

చివర్లో సూపర్ మార్కెట్. తలుపు లేని నిలువు కూలర్ అరలు చూసే ఉంటారు. అలాంటి దాని మీద పడే వేడిలో దాదాపు ముప్పావు వంతు, బయటి గాలి లోపలికి చొరబడడం వల్ల వచ్చేదే. అద్దం తలుపు పెడితే చాలావరకు ఆగిపోతుంది. కానీ కొనేవాళ్ల చేతికి తలుపు అడ్డం పడితే అమ్మకం పడిపోతుందని మేనేజర్లకు భయం. ఎండాకాలంలో ఆ వరుసలో చలి ఎక్కువైందని కస్టమర్లు గొడవపెడితే, పైకప్పు మీది యూనిట్‌లో హీటర్ నడిపిన దుకాణాలు చూశాను. ఒకే గదిలో ఒక మిషన్ చల్లబరుస్తుంటే ఇంకొకటి వేడి చేస్తూ ఉంటుంది, రెండింటి బిల్లూ సలాడ్ ఖాతాలోనే పడుతుంది.

ఇక్కడ ఒక మాట. వందగ్రాముల లెట్యూస్‌లో ఉండేది సుమారు పదిహేను కేలరీలు. దానికి కేలరీకి ఇన్ని కేలరీలు అని నిష్పత్తి కడితే ఏ సంఖ్య వచ్చినా అర్థం లేదు. ఎవరూ కేలరీల కోసం లెట్యూస్ తినరు కదా. ఆకుకూరల నిష్పత్తి చూపించి ఆహార వ్యవస్థ అంతా అంతే అనే వ్యాసాలను పక్కన పడెయ్యండి.

ఫ్యాక్టరీకి వెళ్లిన పనంతా ఇంధనం పెంచుతుందనీ అనుకోకండి. టమాటా పేస్టు చూడండి. ప్రాసెసింగ్ టమాటాలో ఘనపదార్థం అయిదు శాతం చిల్లర, పేస్టులో ముప్పై ఒక శాతం. అంటే కిలో పేస్టుకి దగ్గర దగ్గర ఆరు కిలోల టమాటా, అందులో అయిదు కిలోల నీరు ఆవిరి చెయ్యాలి. కిలో నీటికి 2.3 మెగాజూళ్ల చొప్పున 11.5 మెగాజూళ్లు. కిలో పేస్టులో ఉండే ఆహార శక్తి మూడున్నర మెగాజూళ్లకు కూడా రాదు. ఇంట్లో పొయ్యి మీద మరిగిస్తే ఈ ఖర్చంతా, ఇంకా పొయ్యి పక్కల నుంచి పోయేదీ కలిపి పెట్టుకోవాలి. ఫ్యాక్టరీలో ఒక గిన్నె నుంచి లేచిన ఆవిరితోనే పక్క గిన్నెను, దాని ఆవిరితో ఇంకో గిన్నెను మరిగిస్తారు. మూడంచెల ఎవాపరేటర్ ఉంటే ఆవిరి ఖర్చు సుమారు మూడో వంతుకు దిగుతుంది. పైగా తయారైన పేస్టుకు ఫ్రిజ్ అక్కర్లేదు, ఏడాదైనా మామూలు గోడౌన్‌లో ఉంటుంది. వేడి పని ఫ్యాక్టరీకి వెళ్తే చాలాసార్లు లాభమే. చేతి పని మిషన్‌కి వెళ్లి, ఆ తర్వాత అమ్ముడయ్యేదాకా చల్లగా ఉంచాల్సిన సరుకు తయారైతేనే ఇంధనం పెరిగిపోతుంది. నివేదికల్లో రెండూ ప్రాసెసింగ్ అనే ఒకే వరుసలో కలిసిపోయి ఉంటాయి, మీరు విడదీసి చూపిస్తే పేపరుకు బలం వస్తుంది.

హోటళ్ల సంగతి. అమెరికా ఎనర్జీ ఇన్ఫర్మేషన్ అడ్మినిస్ట్రేషన్ వాణిజ్య భవనాల మీద చేసే సర్వేలో చదరపు అడుగుకి ఎక్కువ ఇంధనం కాల్చేది హోటల్ భవనాలే. 2012 సర్వేలో అవి ఆసుపత్రుల కన్నా పైన ఉన్నాయి, సగటు వాణిజ్య భవనానికి మూడు రెట్లకు పైగా. కారణం పొయ్యి ఒక్కటే అనుకుంటారు. పొయ్యి పైన ఉండే ఎగ్జాస్ట్ హుడ్‌ని చూడండి. పొద్దున తాళం తీసినప్పటి నుంచి రాత్రి కట్టేసేదాకా ఫుల్ స్పీడులో తిరుగుతుంటుంది. అది బయటికి తోసే గాలి అంతా అప్పటికే ఏసీ ఖర్చుపెట్టి చల్లబరిచినదో, హీటరు పెట్టి వెచ్చబరిచినదో. పొయ్యి మీద ఏమీ లేకపోయినా గ్రిడిల్ అనే పెద్ద పెనం వేడిగానే ఉండాలి, ఎందుకంటే కస్టమర్ వచ్చాక వేడెక్కే దాకా ఆగడు. అమెరికన్లు తిండి మీద పెట్టే డబ్బులో బయట తినడానికి పెట్టే వాటా 2019 నాటికి సగం దాటింది. 2020లో కోవిడ్ వల్ల దిగివచ్చి మళ్లీ ఎక్కింది. ట్రెండ్ గురించి రాసేటప్పుడు ఈ ఒక్క గీత కూడా పక్కన పెట్టుకోండి.

ఇల్లు ఇందులో మంచి పేరూ, చెడ్డ పేరూ రెండూ తెచ్చుకుంది. అన్ని దశల్లోకీ పెద్ద వాటా ఇంటిదే. వ్యవసాయ శాఖ లెక్కలో పావు వంతుకు మించి. అయితే ఈ కథలో అతి పెద్ద విజయం కూడా వంటింట్లోనే ఉంది. 1970ల మొదట్లో అమ్ముడైన సగటు ఫ్రిజ్ ఏడాదికి సుమారు 1,800 యూనిట్ల కరెంటు తాగేది. కాలిఫోర్నియా 1970ల చివర్లో ప్రమాణాలు పెట్టింది, 1987లో కేంద్ర చట్టం వచ్చింది, 1990, 1993, 2001లో ఒక్కో మెట్టు బిగించారు. ఇప్పుడు అంతకన్నా పెద్ద ఫ్రిజ్ ఏడాదికి 500 యూనిట్ల దగ్గర్లో నడుస్తుంది. ఆ మిగులులో కొంత ఎలా పోయిందంటే, కొత్తది వచ్చాక పాతదాన్ని గరాజ్‌లో పెట్టి కూల్‌డ్రింకుల కోసం నడుపుతున్నారు. దాదాపు మూడో వంతు ఇళ్లలో రెండో ఫ్రిజ్ ఉంది. దానికి తోడు గిన్నెలు కడిగే మిషన్, దానికి వేడి నీళ్లు. సరుకులకు కారేసుకుని వెళ్లే పెట్రోలు కూడా ఈ ఇంటి పద్దులోకే వస్తుంది. నాలుగు సంచుల కోసం రెండు టన్నుల బండి కదిలిందంటే, ఆ సరుకును లారీ వందల మైళ్లు మోయడానికి అయిన డీజిల్‌తో పోటీ పడుతుంది.

లారీల ప్రస్తావన వచ్చింది కాబట్టి మీ రెండో ప్రశ్న. ఫుడ్ మైల్స్ అనే మాటకు ఉన్న పాపులారిటీకీ, దాని వాటాకీ పొంతన లేదు. మిషిగన్ యూనివర్సిటీలో హెల్లర్, కియోలియన్ 2000లో వేసిన లెక్కలో, మొత్తం ఇంధనంలో ఇళ్లు 31.7 శాతం, వ్యవసాయం 21.4, ప్రాసెసింగ్ 16.4, రవాణా 13.6, ప్యాకేజింగ్ 6.6, హోటళ్లు 6.6, దుకాణాలు 3.7. కార్నెగీ మెలన్‌లో వెబర్, మాథ్యూస్ 2008లో కర్బన ఉద్గారాల వైపు నుంచి చూశారు. ఆహారం వల్ల వచ్చే గ్రీన్‌హౌస్ వాయువుల్లో రవాణా అంతా కలిపితే 11 శాతం, ఉత్పత్తిదారు నుంచి దుకాణానికి చేర్చే ఆఖరి ప్రయాణం 4 శాతం. ఇది ఉద్గారాల లెక్క, పశువుల మీథేన్ లాంటివి కూడా కలిసి ఉన్నాయి. కాబట్టి ఈ 11నీ, పైన చెప్పిన 13.6నీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టకండి. పెడితే గైడ్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. విమానంలో వచ్చే సరుకు వేరే కథ, దాని పరిమాణం తక్కువ.

పొలం గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే తగ్గింది అన్న మాటలో ఒక మెలిక ఉంది. 1973లో పిమెంటెల్ బృందం సైన్స్ పత్రికలో మొక్కజొన్న లెక్క వేసింది. 1945లో ఒక కేలరీ ఇంధనం పెడితే 3.7 కేలరీల గింజ వచ్చేది, 1970కి అది 2.8కి పడిపోయింది. చమురు సంక్షోభం అప్పుడే రావడంతో ఆ పేపరుకు ఎక్కడలేని పేరొచ్చింది. కానీ ఆ తర్వాత పరిస్థితి మారింది. రైతులు పెట్రోలు ట్రాక్టర్లు వదిలి డీజిల్‌కు మారారు, దున్నకుండా విత్తే పద్ధతి వ్యాపించింది, పెద్ద మిషన్లతో తక్కువ చాళ్లలో పని అయిపోసాగింది. 1980 తర్వాత ఎకరానికి వేసే నత్రజని పెద్దగా పెరగకుండానే మొక్కజొన్న దిగుబడి పెరుగుతూ పోయింది. ధర వాత పెడితే రైతు ఎంత త్వరగా సర్దుకుంటాడో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పిమెంటెల్ 1970 నిష్పత్తిని ఇవాళ్టిదిగా వాడే వ్యాసాలు ఇప్పటికీ వస్తున్నాయి, జాగ్రత్త.

మెలిక ఎరువుల దగ్గర ఉంది. పొలంలో నేరుగా కాలే డీజిల్ కన్నా, ఎరువు రూపంలో వచ్చే ఇంధనం కంటికి కనపడదు. టన్ను అమోనియా తయారీకి మంచి ప్లాంటులో 28 గిగాజూళ్లు, పాతదాంట్లో 36 దాకా పడుతుంది. అందులో చాలావరకు నేచురల్ గ్యాసే, ఇంధనంగానూ ముడిసరుకుగానూ. 2000 తర్వాత అమెరికాలో గ్యాస్ ధర ఎగిరింది. 2000 నుంచి 2006 లోపు దేశీయ అమోనియా ఉత్పత్తి 44 శాతం పడిపోయింది, దిగుమతులు రెట్టింపు దాటాయి, ట్రినిడాడ్ పెద్ద సరఫరాదారు అయింది. రైతు వేసే ఎరువు తగ్గలేదు, దాన్ని తయారుచేసే గ్యాస్ మాత్రం ఇంకో దేశం పద్దులో కాలింది. దేశం లోపల కాలిన ఇంధనాన్నే లెక్కపెట్టే అధ్యయనంలో ఇది పొదుపులా కనిపిస్తుంది. రాతి పొరల్లోంచి తీసే షేల్ గ్యాస్ వచ్చి ధర పడ్డాక ఎదురు దిశ మొదలైంది. అయోవాలోని వీవర్‌లో 2017లో కొత్త ప్లాంటు నడక మొదలెట్టింది, లూసియానాలో డొనాల్డ్‌సన్‌విల్ ప్లాంటును విస్తరించారు. అప్పుడు దేశ పద్దులో వాడకం పెరిగినట్టు కనిపిస్తుంది, పొలంలో మాత్రం ఏమీ మారదు. అందుకే ఏ నివేదిక తీసినా ముందు దిగుమతుల్లోని ఇంధనాన్ని కలిపారా లేదా అని చూడండి. బండ్ల ఇంధనమైన ఎథనాల్‌కి వెళ్లే మొక్కజొన్నను ఆహారంలోంచి తీసేశారా అన్నది కూడా.

ఇప్పుడు ఏడా, పదా. ఏడు అన్నది హెల్లర్, కియోలియన్‌లది. కచ్చితంగా చెప్పాలంటే 7.3. వాళ్ల లెక్కలో మొత్తం 10.2 క్వాడ్‌లు, అంటే క్వాడ్రిలియన్ (ఒకటి పక్కన పదిహేను సున్నాలు) బీటీయూలు. బీటీయూ అమెరికాలో వేడిని కొలిచే యూనిట్. దేశం ఏడాదికి వాడేది వంద క్వాడ్‌లకు అటూ ఇటూ ఉంటుందని గుర్తుంచుకుంటే వాటా వెంటనే తెలుస్తుంది. పది అన్నది 1974లో స్టైన్‌హార్ట్ దంపతులు సైన్స్‌లో రాసిన పేపరు నుంచి పాకుతూ వచ్చింది. 1910లో ఒకటికి ఒకటి దగ్గర ఉన్నది 1970 నాటికి తొమ్మిది దగ్గరికి చేరినట్టు వాళ్లు గీసిన గ్రాఫు చూపింది. చేతులు మారుతూ తొమ్మిది పది అయిపోయింది. 9 నుంచి 7.3కి దిగింది కాబట్టి పొదుపు జరిగిందని మాత్రం రాయకండి. భాజకం వేరు. ఒకరు జనం తిన్న కేలరీలు తీసుకుంటారు, ఇంకొకరు మార్కెట్లోకి వచ్చిన కేలరీలు తీసుకుంటారు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా వృథా. 2010లో దుకాణాల దగ్గర, ఇళ్ల దగ్గర కలిపి అందుబాటులోకి వచ్చిన తిండిలో 31 శాతం, 13,300 కోట్ల పౌండ్లు, ఎవరి నోటికీ చేరలేదని వ్యవసాయ శాఖ అంచనా. అలా పారేసిన తిండిలో ఇమిడిన ఇంధనం దేశ వార్షిక వినియోగంలో సుమారు 2 శాతం అని టెక్సస్ యూనివర్సిటీలో కుయెల్లార్, వెబర్ 2010లో లెక్కకట్టారు. ఈ వెబర్ పైన చెప్పిన వెబర్ కాదు, స్పెల్లింగు కూడా వేరు, రెఫరెన్సుల్లో కలిపెయ్యకండి.

నా సలహా అడిగితే నిష్పత్తి ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్యండి. దేశ ఇంధనంలో వాటా ఎంత అన్న లెక్క ఎక్కువ పనికొస్తుంది. అక్కడా ఒక గుంట ఉంది. హిర్స్ట్ 1974లో, 1963 నాటి ఇన్‌పుట్ అవుట్‌పుట్ పట్టికలతో లెక్కేస్తే 12 శాతం వచ్చింది. దాన్నీ, 2002 నాటి 14.4నీ, 2007 నాటి 15.7నీ చుక్కలుగా పెట్టి గీత గీస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ మూడూ ఒకే కొలబద్దతో కొలిచినవి కావు. పరిశ్రమల వర్గీకరణే 1997లో మారిపోయింది. ఇక ప్రపంచ స్థాయిలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో చెప్పిన 30 శాతం చూసి, అమెరికా 15 శాతమే కాబట్టి రెండింతలు పొదుపరి అని ఒకరు రాయగా చదివాను. దేశం మొత్తం వాడకమే విపరీతంగా ఉన్నప్పుడు తిండి వాటా చిన్నగా కనిపించక ఏం చేస్తుంది?

2007 తర్వాత ఏమైందన్నది మీరు నేరుగా అడగలేదు గానీ పేపర్లో తప్పదు. వ్యవసాయ శాఖే 2017లో ఇంకో నివేదిక వేసింది. 2007లో దేశంలోని శిలాజ ఇంధన కార్బన్ డయాక్సైడ్‌లో 13.6 శాతం ఆహారం ఖాతాలోదని అందులో తేల్చారు. ఆ తర్వాతి ఏళ్లలో ప్లాంట్లలో నేను చూసిన మార్పులు చాలావరకు మంచివే. ఎల్ఈడీలు వచ్చాయి, కూలర్లకు తలుపులు వచ్చాయి, కంప్రెసర్లకు అవసరాన్ని బట్టి వేగం మార్చే వేరియబుల్ స్పీడ్ డ్రైవ్‌లు వచ్చాయి. కోల్డ్ స్టోరేజీల్లో చలికాలం రాత్రుళ్లు కండెన్సర్ ప్రెషర్‌ను దించి నడపడం చాలాచోట్ల అలవాటైంది. అది పైసా ఖర్చులేని పొదుపు, సెట్టింగు మార్చాలంతే, అయినా ఆపరేటర్ భయపడి ముట్టుకోని ప్లాంట్లు ఇంకా ఉన్నాయి. వీటన్నిటికన్నా పెద్ద మార్పు ప్లాంటు గేటు బయట జరిగింది. బొగ్గు కేంద్రం వేడిలో మూడో వంతునే కరెంటుగా మారుస్తుంది, గ్యాస్ టర్బైన్ వదిలిన వేడితో ఆవిరి టర్బైన్‌నూ తిప్పే కొత్త కంబైన్డ్ సైకిల్ గ్యాస్ కేంద్రం సగానికి పైగా మారుస్తుంది. గ్రిడ్‌లో బొగ్గు తగ్గి గ్యాస్ పెరిగేసరికి, ఫ్రిజ్ అదే కరెంటు తాగుతున్నా దాని వెనక కాలే ఇంధనం తగ్గిపోయింది. ఈ తగ్గుదలను ఆహార పరిశ్రమ సాధించినట్టు రాస్తే తప్పు.

డేటా కోసం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పి ఆపుతాను. బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్ వారి బెంచ్‌మార్క్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ పట్టికలు అయిదేళ్లకొకసారి వస్తాయి. 2007, 2012, 2017 సంవత్సరాలవి తీసుకోండి. 2017వి బయటికొచ్చిందే 2023లో, కాబట్టి తాజా లెక్క అంటూ ఉండదు, కంగారు పడకండి. ఫ్యాక్టరీల ఇంధనానికి ఎనర్జీ ఇన్ఫర్మేషన్ అడ్మినిస్ట్రేషన్ వారి తయారీ రంగ సర్వే ఉంది. అందులో ఫుడ్ అన్న వర్గం కోడ్ 311. 312లో డ్రింకులతో పాటు పొగాకు కూడా కలిసి ఉంటుంది, రెండూ కలిపి ఆహారం అని రాయకండి. 311 లోపల మొక్కజొన్న వెట్ మిల్లింగ్ (గింజను నానబెట్టి రుబ్బి విడదీయడం) ఒక్కటే విడిగా చూడండి, స్వీటెనర్లు, స్టార్చ్ తయారుచేసే ఆ చిన్న రంగం ఆరబెట్టడానికీ ఆవిరికీ ఎంత తింటుందో మీకే ఆశ్చర్యమేస్తుంది. చివరగా, దేశం మొత్తం వినియోగాన్ని ఆ సంస్థ మంత్లీ ఎనర్జీ రివ్యూ నుంచి తీసుకుంటారు కదా, 2023 సెప్టెంబరులో వాళ్లు గాలి, సౌర, జల విద్యుత్తును లెక్కించే పద్ధతి మార్చారు. అంతకుముందు ఆ కరెంటుకు బొగ్గు, గ్యాస్ అయితే ఎంత కాల్చాల్సి వచ్చేదో అంత వేసేవాళ్లు, ఇప్పుడు వచ్చిన కరెంటునే వేస్తున్నారు. దాంతో దేశం మొత్తం అంకె పాత ఏళ్లకు కూడా తగ్గింది. పాత నివేదికలోని ఆహార ఇంధనాన్ని కొత్త మొత్తంతో భాగిస్తే వాటా ఉత్తపుణ్యానికి పెరిగిపోతుంది. లవం, హారం రెండూ ఒకే పద్ధతిలో ఉన్నాయని చూసుకున్నాకే గ్రాఫు గీయండి.